నీళ్లు పోయే దారి

మా ఇంట్లో చిన్నప్పటి నుంచీ నాకు కుక్కముక్కు అని పేరు. పక్కింటి వాళ్లు పోపు వేస్తే అందులో ఇంగువ పడిందో లేదో మా ఇంట్లో కూర్చుని చెప్పేదాన్ని. ఆ ముక్కే పోయిన వారం కెనడాలోని కనాటాలో ఒక పాత ఇంటి గుమ్మంలో నన్ను నిలబెట్టేసింది. కొత్తగా ఉద్యోగంలో చేరాను, ఆఫీసుకు దగ్గరగా ఒక గది కావాలి. ఆ ఇంటావిడ మన తెలుగావిడే, ఫోన్లో సొంత మనిషిలా మాట్లాడారు. బూట్లు విప్పి లోపల అడుగు పెట్టగానే ముందు సాంబ్రాణి వాసన వచ్చింది, దాని వెనక పులుసు మరుగుతున్న వాసన వచ్చింది, ఆ రెండింటికీ అడుగున, గోడ పక్కన నేలలో ఉన్న హీటింగ్ జాలీలోంచి, వెచ్చటి గాలితో కలిసి ఇంకో వాసన వచ్చింది. తడిసిన గోనెసంచిని మడిచి మూలన పడేసి మరిచిపోతే వచ్చే వాసన అది. ఆంటీ లోపలి నుంచి "రామ్మా, అక్కడే నిలబడ్డావేం?" అంటున్నారు. ఆ వాసనను నేనెరుగుదును. అది ఒకప్పుడు మా ఇంట్లో మాతోపాటే కాపురం చేసింది, మా ఇంటి కింద అద్దెకున్న ఒక అమ్మాయి ఊపిరిని కొంచెం కొంచెంగా తింటూ.

అప్పుడు మేం కెనడాలోనే బ్రాంప్టన్‌లో ఉండేవాళ్లం. నాకు తొమ్మిదేళ్లు. కాకినాడ నుంచి వచ్చేటప్పుడు నాన్న, అమ్మ, నేను, మాతో పాటు మా నాయనమ్మ. నాన్నకూ అమ్మకూ దూరంగా నార్త్ యార్క్‌లో ఉద్యోగాలు. ఇద్దరూ ఒకే కారులో చీకటితోనే బయలుదేరిపోయేవారు, ఆ తర్వాత స్కూలు బస్సు వచ్చేదాకా ఇంటికి నాయనమ్మే రాణి, నేను ఆవిడ ప్రజను. మేం కొన్నది నాన్న పుట్టకముందు కట్టిన పాత ఇల్లు. ఎర్ర ఇటుకల గోడలు, పొట్టి కప్పు, పక్కనుంచి మెట్లు దిగితే వేరే తలుపుతో బేస్‌మెంట్. కొన్న కొత్తలో హాలంతా బూడిదరంగు కార్పెట్ ఉండేది. ఎవరెవరు ఏ కాళ్లతో తొక్కారో తెలియని దుప్పటి మీద దేవుణ్ణి పెట్టనని నాయనమ్మ భీష్మించుకుంటే, నాన్న దాన్ని పీకించి, వీడియోలు చూసి నేర్చుకుని, టేకు చెక్కలా కనిపించే లామినేట్ పలకలు తనే స్వయంగా పరిచాడు. ఒకదాని అంచు ఇంకోదానిలో టక్కున ఇరుక్కునేది. ఇంటికి ఎవరొచ్చినా నాన్న కాఫీ కంటే ముందు ఆ నేలను చూపించేవాడు. ఆ పలకల కింద పాతకాలపు చెక్క, చెక్క కింద దూలాలు, దూలాల కింద బేస్‌మెంట్ కప్పు. కాకినాడలో నేల కింద భూమి ఉండేది. ఇక్కడ మా నేల కింద మనుషులుండేవారు.

పలకలు పరిచాక వచ్చిన మొదటి శుక్రవారం నాయనమ్మ చీర కుచ్చిళ్లు బొడ్లో దోపుకుని, సూట్‌కేసులో బట్టల మధ్య దాచి తెచ్చుకున్న కొబ్బరీనెల చీపురు పట్టుకుని, హాలు నాలుగు మూలలా వంగి వెతకడం నాకు బాగా గుర్తు. "నీళ్లు పోయే దారేదిరా అబ్బాయ్?" అంది. మా కాకినాడ ఇంట్లో ప్రతి గది మూలనా ఒక తూము ఉండేది, బకెట్టు నీళ్లు చిమ్మి చీపురుతో తోస్తే బుడబుడమంటూ పెరట్లోకి పోయేవి. నాన్న నవ్వి, "ఇక్కడ కడగరమ్మా, జస్ట్ మాపింగ్ చేస్తారు" అన్నాడు. "కడక్కుండా ఇల్లెలా శుభ్రమవుద్దిరా?" అని నాయనమ్మ నోటి మీద వేలేసుకుంది. నాన్న ఆ మాట అక్కడే మరిచిపోయాడు, నాయనమ్మ మరిచిపోలేదు. తూము లేకపోతే పోయె, పెరటి వైపు జారుడు తలుపు ఉందిగా అనుకుంది.

అలా మా ఇంట్లో శుక్రవారాలు మొదలయ్యాయి. అమ్మానాన్నల కారు మలుపు తిరగగానే ఆవిడ స్నానం చేసి వచ్చి, బకెట్టులో చిటికెడు పసుపు కలిపి, దేవుడి అలమర ముందు నుంచి మొదలుపెట్టి చెంబుతో నీళ్లు చిమ్ముతూ, చీపురుతో బరబరా తోసుకుంటూ, సోఫా పక్కగా వంపు తిరిగి, జారుడు తలుపు దాకా నడిపించేది. నేను సోఫా మీద కాళ్లు పైకి పెట్టుకుని కూర్చుని, పాత హోంవర్క్ కాగితాలతో పడవలు చేసి ఆ పసుప్పచ్చటి వాగులో వదిలేదాన్ని. బయట మంచు పేరుకుని ఉండేది, లోపల నా పడవలు సాగేవి. ఆ సమయంలో హాలంతా పసుపు, కర్పూరం, తడి చెక్క కలిసిన ఒక చల్లటి వాసన. కెనడా మొత్తంలో అంత హాయైన వాసన ఇంకోటి లేదనుకునేదాన్ని. మిగిలిన తడిని ఆవిడ పాత చీరముక్కతో అద్దేసేది. సాయంత్రం అమ్మ వచ్చేసరికి నేల ఆరిపోయి, అగరొత్తుల వాసన మిగిలేది. ఏదో దేవుడి దగ్గర కాస్త తుడుచుకుంటోందిలే అనుకునేది అమ్మ.

చలికాలంలో జారుడు తలుపు గాడిలో మంచు గడ్డకట్టి తెరుచుకునేది కాదు. అయినా శుక్రవారం ఆగలేదు, నీళ్లు తలుపు దాకా వెళ్లి అక్కడే నిలబడేవి. ఆవిడ బట్టతో ఎంత తీసిందో, ఎంత తీయలేకపోయిందో అప్పుడు ఎవరికీ తెలియదు. ఇంతటి నాయనమ్మ ఆవకాయ జాడీ విషయంలో మాత్రం పోలీసు. జాడీ మూతకు గుడ్డ కట్టి, అలమర పై అరలో పెట్టి, గరిటెను ముందు ఎండలో, ఆ తర్వాత స్టవ్ సెగ మీద ఆరబెట్టి గానీ లోపల పెట్టనిచ్చేది కాదు. "తడి చెయ్యి పెట్టావో, జాడీ అంతా బూజు పట్టిపోద్ది, జాగర్త" అని నా వేళ్లు పట్టుకుని తన చెంగుతో తుడిచేది. ఒక్క తడి బొట్టుకు ఏం శక్తి ఉంటుందో నాకు చెప్పిందే ఆవిడ.

మన పిల్లలు కాలేజీల్లో చేరడానికి విమానాల నిండా దిగుతున్న రోజులవి. మా వీధిలో ఏ బేస్‌మెంట్ కిటికీలోంచి చూసినా నేల మీద వరసగా పరుపులు, గోడకు ఆనించిన సూట్‌కేసులు కనిపించేవి. మా కింద నలుగురు అక్కలు చేరారు. అందులో వరంగల్ నుంచి వచ్చిన హారిక అక్క నాకు అందరికంటే ఇష్టం. పగలు కాలేజీ, సాయంత్రాలు వేర్‌హౌస్‌లో పెట్టెలు సర్దే పని, అంత అలసటలోనూ నా కోసం పైకి వచ్చి సుద్దతో నేల మీద గళ్లు గీసి, చింతపిక్కలు ఒక పక్క అరగదీసి, అష్టాచెమ్మా ఆడించేది. నేను ఇంగ్లీషులో మాట్లాడితే, "నాకు ఇంగ్లీష్ రాదు బుజ్జీ, తెలుగుల చెప్పు" అని అమాయకంగా మొహం పెట్టేది. నాయనమ్మ కిటికీ అద్దాల మీద పట్టిన చెమ్మలో నా వేలు పట్టి అ, ఆలు దిద్దిస్తుంటే, అక్క పక్కన కూర్చుని నేను రాసిన అక్షరం కింద తను ఇంకోటి రాసేది. కాసేపటికి అక్షరాలన్నీ కరిగి, చారలుగా కారి, కిటికీ చెక్కలోకి ఇంకిపోయేవి. నాయనమ్మకు హారిక అక్క మీద ఎంత ప్రేమంటే, చారు కాస్తే మొదటి గిన్నె కిందికే వెళ్లేది, "తల్లి దగ్గర లేని పిల్ల" అంటూ.

హాల్లో దేవుడి అలమర దగ్గర నేలలో ఒక జాలీ ఉండేది. కింద ఇంటిని వెచ్చబరిచే ఫర్నేస్ రాజుకోగానే అందులోంచి వేడిగాలి పైకి తన్నేది. చలికాలం నా చోటు అదే. దుప్పటి కప్పుకుని దాని పక్కన బోర్లా పడుకుంటే గాలితోపాటు కింది ప్రపంచమంతా నాకు వినిపించేది. అక్కలు ఉల్లిపాయలు తరగడం, షిఫ్టుల గురించి వాదించుకోవడం, వీడియో కాల్లో అమ్మలతో అన్నం తిన్నామని అబద్ధాలు చెప్పడం. ఒక ఇంటి గాలి ఇంకో ఇంట్లోకి ఇలా తిరుగుతుందని, కిందివాళ్లు వదిలింది మేం పీలుస్తామని, మాది వాళ్లు పీలుస్తారని నాకు భలే ఆశ్చర్యంగా ఉండేది.

రెండో ఏడు వేసవి చివర్లో అలమర ముందున్న ఒక పలక మెత్తబడింది. దాని మీద కాలు వేస్తే కిందికి ఒదిగి, కాలు తీస్తే బెకమనేది. నేను దానికి కప్ప అని పేరు పెట్టాను. అష్టాచెమ్మాలో ఓడినవాళ్లు కప్పను తొక్కాలి, అదీ శిక్ష. పలకల అంచులు అక్కడక్కడా అప్పడంలా ఉబ్బితే నాన్న వంగి చూసి, "హ్యుమిడిటీ వల్ల ఎక్స్‌పాండ్ అయ్యాయి, వింటర్‌లో సర్దుకుంటాయి" అన్నాడు. నాన్న దగ్గర ప్రతి దానికీ ఒక జవాబు సిద్ధంగా ఉండేది. అదే రోజుల్లో హారిక అక్క ఒక ఆదివారం మెట్ల దగ్గర నిలబడి, "అంకుల్, నా మంచం మీద కప్పుకు మరకలెక్క వస్తుంది. జర చూస్తరా?" అని మొహమాటంగా అడిగింది. పక్కనున్న అక్క ఆమె చున్నీ పట్టి లాగుతోంది. గది ఖాళీ అయిందని తెలిస్తే చాలు, సూట్‌కేసులతో సహా వచ్చి నిలబడేవాళ్లున్న కాలం, ఇంటివాళ్లకు విసుగు తెప్పించాలని ఎవరికుంటుంది? నాన్న వెళ్లి చూశాడు. "ఓల్డ్ హౌస్ కదమ్మా, ఎప్పటిదో పాత లీక్ అయ్యుంటుంది. పెయింట్ వేస్తే కవర్ అయిపోతుంది" అన్నాడు, ఆ సాయంత్రమే తెల్లగా వేసేశాడు. కొన్నాళ్లకు ఆ తెలుపులోంచి మరక మళ్లీ మెల్లగా పైకి తేలింది, ముందుకంటే పెద్దదిగా.

ఆ ఏడాది బతుకమ్మ మా హాల్లోనే పేర్చారు. తంగేడు లేదు, గునుగు లేదు. హారిక అక్క నన్ను వెంటబెట్టుకుని రోడ్డు పక్క కాలువ గట్లమ్మట తిరిగి పసుప్పచ్చటి గడ్డిపూలు, ఊదారంగు చిన్న చామంతుల్లాంటివి ఒడినిండా కోసింది, మా పెరటి బంతులన్నీ తెంపింది. గోదావరి మనిషి నాయనమ్మకు ఈ పండగ తెలియదు, అయినా పసుపు ముద్దతో గౌరమ్మను చేసి, అక్క చెప్పినట్టల్లా పెరుగన్నం, పులిహోర, నువ్వులన్నం కలిపి పెట్టింది. బయట జోరున వాన. అందుకే బతుకమ్మను హాలు మధ్యలో, దేవుడి ఎదురుగా పెట్టి, వీధిలోని అమ్మాయిలందరూ చుట్టూ చేరి, పాడుతూ, వంగి లేస్తూ, చప్పట్లు చరుస్తూ తిరిగారు. తిరిగిన ప్రతిసారీ ఎవరో ఒకరి కాలు కప్ప మీద పడేది, అది బెకమనేది, అందరూ నవ్వేవారు. కాసేపటికి ఒక్క కప్ప కాదు, చుట్టూ ఉన్న పలకలు కూడా పలకడం మొదలుపెట్టాయి. పాట సగంలో ఉండగా హారిక అక్క గొంతు ఆగిపోయింది. వరసలోంచి తప్పుకుని, గోడకు చెయ్యి ఆనించి, రెండో చెయ్యి గుండెల మీద పెట్టుకుని, నోరు తెరిచి గాలి కోసం చూస్తోంది. నాయనమ్మ పరుగున వెళ్లి వీపు రాసింది. "ఏం కాలే అమ్మమ్మా, మంచిగనే ఉన్న. చిన్నప్పుడుండె ఇట్ల, ఎన్నడో తక్కువైంది" అని అక్క నవ్వబోయింది. అందరూ ఆగిపోయారు. ఎవరూ కదలకపోయినా మా కాళ్ల కింద ఎక్కడో నేల మెల్లగా ఒకసారి మూలిగింది. నాకు మొదటిసారి భయం వేసింది.

చలి ముదరగానే నాన్న కిటికీలన్నింటికీ సన్నటి ప్లాస్టిక్ పొర అంటించి, హెయిర్ డ్రయ్యర్‌తో బిగించాడు. ఇల్లు మూత పెట్టిన డబ్బా అయింది. అప్పుడు ఆ వాసన పైకి లేచింది. ముందు నాకే తెలిసింది, నేను చెబితే అందరూ నవ్వారు, తర్వాత ఎవరూ నవ్వలేదు. నేల మీద పెట్టిన నా స్కూలు బ్యాగు అడుగున బూడిదరంగు నూగు వచ్చింది. ఉప్పు డబ్బాలో ఉప్పు చెమర్చింది. దేవుడి దగ్గర వత్తులు పచ్చబడ్డాయి, అగ్గిపుల్లలు గీస్తే తలలు ఊడిపోయేవి. కింది అరలో దాచిన నాయనమ్మ పట్టుచీర మీద తెల్లటి చుక్కలు లేచాయి. ఆవిడ ఆ చీరను ఒళ్లో వేసుకుని ఒక్కో చుక్కనూ చెంగుతో తుడిచింది. "ఆ పిల్లలు తడిబట్టలు లోపలే ఆరేస్తున్నారు, ఆ వాసనే ఇది" అంది చివరికి. ఎవరినీ తిట్టలేదు. తన చేతిలో ఉన్న మందు తను వాడింది. శుక్రవారంతో పాటు మంగళవారం కూడా కడగడం మొదలుపెట్టింది. వాసన పెరిగే కొద్దీ పసుపు పెరిగింది, కర్పూరం పెరిగింది, నీళ్లు పెరిగాయి.

ఆ రోజుల్లోనే జాలీలోంచి నాకు పిల్లిపిల్ల వినిపించింది. సన్నగా, పొడుగ్గా, ఆగి ఆగి కూసేది. అక్కలు మాకు తెలియకుండా పిల్లిని పెంచుతున్నారని మురిసిపోయి, బిస్కెట్టు ముక్కలు పొడిచేసి జాలీ సందుల్లోంచి జారవిడిచేదాన్ని. నా సంతోషం పట్టలేక ఒకరోజు నాయనమ్మ చెవిలో చెప్పేశాను. ఆవిడకు పిల్లులంటే గిట్టదు. వెంటనే నా పక్కన మోకాళ్ల మీద కూర్చుని జాలీకి చెవి ఆనించింది. వింటూ వింటూ ఆవిడ మొహం మారిపోయింది.

"పిల్లీ లేదు, గిల్లీ లేదే. అది ఆ పిల్ల ఆయాసం" అంది.

అప్పటి నుంచి మా ఇంట్లో అందరికీ ఒకటే దిగులు. అక్క జేబులో నీలంరంగు పీల్చే మందు చేరింది. క్లినిక్‌కు వెళితే చలికాలం కదా అన్నారట, మందు పెంచారట. ఒక మెట్టు ఎక్కి ఒక మెట్టు దగ్గర ఆగేది, వేర్‌హౌస్‌లో సెలవు పెడితే షిఫ్టులు పోతాయని అలాగే వెళ్లేది. పనికి వెళ్లినప్పుడు కాస్త నయంగానే ఉండేదని, గదికి వచ్చి పడుకుంటేనే పెరిగేదని తర్వాత ఆలోచిస్తే మాకు తెలిసింది. అప్పుడు మాత్రం, బయటి చలిలో తిరిగి వస్తోంది పాపం, ఇంటిపట్టున వెచ్చగా పడుకోమని అందరం బతిమాలేవాళ్లం. నాయనమ్మ మిరియాల చారు, వాము నీళ్లు, పసుపు వేసిన ఆవిరి, అన్నీ మోసుకెళ్లేది. దిష్టి కూడా తీసింది. ఇక ఏదీ పని చేయడం లేదని తేలాక, "ఈ శుక్కురారం ఆ పిల్ల పేరు చెప్పుకుని ఇల్లంతా కడుగుతాను, లక్ష్మీదేవే చూసుకుంటాది" అంది.

ఆ శుక్రవారం మంచుతుఫానుకు స్కూలు బస్సులు రద్దయ్యాయి. అమ్మానాన్నలు ఎలాగో బయలుదేరి వెళ్లారు. నాయనమ్మ తలస్నానం చేసి, తడి జుట్టు ముడి వేసుకుని, మామూలు రోజుల కంటే ఎన్నో బకెట్లు ఎక్కువగా చిమ్మింది. అలమర ముందు, జాలీ చుట్టూ, సోఫా కింద, ఎక్కడా వదల్లేదు. పెదవులు కదుపుతూ అక్క పేరు చెప్పుకుంటోంది. నేను సోఫా మీద పడవలతో సిద్ధంగా ఉన్నాను. నేల మీద నీళ్లు ఎప్పటిలా తలుపు వైపు పోవడం లేదు. నేను వదిలిన పడవ కొంచెం దూరం వెళ్లి, కప్ప దగ్గర ఆగి, అక్కడే గుండ్రంగా తిరగడం మొదలుపెట్టింది. చుట్టూ నీళ్లు మెల్లగా తగ్గిపోతున్నాయి, ఎవరూ తుడవకుండానే. కింద జాలీలోంచి పిల్లిపిల్ల పొద్దుటి నుంచీ కూస్తూనే ఉంది. నా పడవ నేలకు ఆనుకుని ఆగిపోయింది. ఆ తర్వాత పిల్లిపిల్ల కూడా ఆగిపోయింది.

"నాయనమ్మా, వినబడట్లేదు" అన్నాను.

చీపురు ఆగింది. జాలీలోంచి ముందు ఒక కుర్చీ పడిన చప్పుడు, ఆపైన "హారికా! హారికా, కళ్లు తెరువే!" అని ఒకటే అరుపులు. నాయనమ్మ తడికాళ్లతో, చెప్పులు కూడా లేకుండా, మంచులో ఇల్లు చుట్టి పక్క తలుపు దగ్గరికి పరుగెత్తింది. నేను కిటికీ ప్లాస్టిక్ పొరకు మొహం ఆనించి చూశాను. అంబులెన్స్ వచ్చింది. అక్కను కుర్చీలో కూర్చోబెట్టి, బెల్టులు కట్టి, మెట్ల మీదుగా పైకి తెచ్చారు. మొహానికి మాస్కు ఉంది. గోరింటాకు ఇంకా పూర్తిగా పోని ఆ వేళ్ల చివర గోళ్లు నీలంగా ఉన్నాయి. బండి వెళ్లిపోయాక నాయనమ్మ మంచులో అలాగే నిలబడి ఉంది, చీపురు ఇంకా చేతిలోనే ఉంది.

అక్క బతికింది. గొంతులో గొట్టం వేసి, ఐసీయూలో ఉంచి, యంత్రంతో ఊపిరి ఆడించి బతికించారు. ఆసుపత్రికి వెళ్లి వచ్చిన అమ్మ కోటు కూడా విప్పకుండా, "డాక్టర్ ఇంటి గురించి అడిగారండీ. ఇంట్లో డాంప్ ఉందా, మోల్డ్ ఉందా, అదే, బూజు పట్టిందా అని" అంది. నాన్న కిందికి వెళ్లి అక్క మంచం మీది కప్పును చాలాసేపు చూసి వచ్చాడు. మర్నాడు పట్టపగలు, మేమంతా చూస్తుండగా, ముక్కుకు గుడ్డ కట్టుకుని, తను ముచ్చటపడి పరిచిన నేలలో కప్ప కింద ఒక ఇనుప కడ్డీ దూర్చి పైకి లేపాడు.

పలక ప్రయాస లేకుండా వచ్చేసింది. తర్వాత పక్కది, దాని పక్కది. ఆ వాసన మా మొహాల మీదికి లేచింది. కింద పాత చెక్క నల్లగా ఉంది. నలుపు మీద ఆకుపచ్చ, దాని మీద తెల్లటి నూగు, అక్కడక్కడా తేమతో నిగనిగలాడే చుక్కలు. నాన్న వేలితో నొక్కితే చెక్క తడి కేకులా లోపలికి దిగిపోయింది. నాన్న ఆవేశంగా పీకుతూనే ఉన్నాడు. హాలంతా పాడైపోయిందేమో అనుకున్నాం, కాలేదు. గోడల వైపు చెక్క పొడిగా, మామూలుగా ఉంది. నలుపు ఒక దారిలాగే ఉంది. దేవుడి అలమర ముందు వెడల్పుగా మొదలై, సోఫా పక్కన వంపు తిరిగి, జాలీని చుట్టి, జారుడు తలుపు దగ్గరికి వెళ్లి చెరువులా విచ్చుకుంది. ఆ చెరువు కింద హారిక అక్క మంచం.

నాయనమ్మ ఆ దారిని ఈ చివర నుంచి ఆ చివర దాకా కళ్లతో నడిచింది. నాన్నకు అర్థం కాలేదు, అమ్మకూ అర్థం కాలేదు. ఆవిడకు అర్థమైంది. లేచి వచ్చి, ఆ నలుపు పక్కన కూలబడి, చీపురు పట్టుకునే చెయ్యి గాలిలో చాపి, ఎప్పుడూ తోసేటట్టే వంపుగా తోసి చూపించింది. వంపు ఎక్కడ తిరుగుతుందో అక్కడే తిరిగింది.

"నీళ్లు పోయే దారేదని అడిగాను కదరా అబ్బాయ్. ఇదిగో. పోయింది" అంది.

ఆ తర్వాత తెల్లటి దుస్తులూ మాస్కులూ వేసుకున్న మనుషులు వచ్చి, హాలును ప్లాస్టిక్ తెరలతో మూసి, నేలనూ కింది కప్పునూ కోసి, సంచుల్లో కట్టి, వాకిట్లో పెట్టిన పెద్ద ఇనుప డబ్బాలో పడేశారు. నాయనమ్మ తనే వెళ్లి కొబ్బరీనెల చీపురును కూడా అందులో వేసి వచ్చింది. కింది అక్కలు తలో దిక్కుకు వెళ్లిపోయారు. హారిక అక్క ఆసుపత్రి నుంచి వచ్చాక వేరే ఊళ్లో ఉన్న స్నేహితురాలి దగ్గరికి వెళుతూ, సూట్‌కేసు కోసం వచ్చింది. మనిషి సగమైపోయింది. నేల లేని హాల్లోకి రాలేక వాకిట్లోనే నిలబడితే, నాయనమ్మ ఆమె రెండు చేతులూ పట్టుకుని ఏడ్చేసింది.

"నీ కోసమని కడిగానమ్మా. నా చేత్తో నేనే నీ ఊపిరి తీయబోయాను."

"గట్లనకు అమ్మమ్మా. నీకు మాత్రం ఏమెరుక?"

"ఏదీ, ఒక్కసారి గట్టిగా ఊపిరి పీల్చి వదులు తల్లీ. వింటాను."

అక్క పీల్చింది. నాయనమ్మ ఆమె వీపుకు చెవి ఆనించి, కళ్లు మూసుకుని, జాలీ దగ్గర వంగి విన్నట్టే విన్నది.

ఇక జీవితంలో ఆవిడ ఇల్లు కడగలేదు. కొత్త నేల మీద గట్టిగా పిండిన బట్టతో, పిండి మళ్లీ పిండి, తడి ఉందో లేదో చెంపకు ఆనించి చూసుకుని, ఊరికే అలా తుడిచేది. శుక్రవారం పొద్దున్నే నీళ్ల బకెట్టుకు బదులు ఫోను పట్టుకునేది. అక్క చదువు అయిపోయి, ఉద్యోగం వచ్చి, పెళ్లయి, ఎక్కడెక్కడ ఉన్నా సరే, నాయనమ్మ శుక్రవారం ఫోను చేసి కుశలం అడగకుండానే, "ఏదీ, పీల్చి వదులమ్మా" అనేది. విని, సరే అని పెట్టేసేది. ఇప్పుడు నాయనమ్మ లేదు. బ్రాంప్టన్‌లో ఆ ఇంటిని కొన్నవాళ్లు మొత్తం పడగొట్టి, వీధికి సరిపోని పెద్ద భవంతి కట్టుకున్నారు. కిటికీ చెమ్మలో దిద్దిన అక్షరాలు, సోఫా కింది వాగు, నలుగురు అక్కల గాజుల చప్పుడు పైకి మోసుకొచ్చిన ఆ వెచ్చటి గాలి, ఏవీ లేవు.

కనాటాలో ఆ గుమ్మంలో నిలబడి ఇదంతా ఎంతసేపు తలచుకున్నానో తెలియదు. ఆంటీ నా మొహం చూసి నొచ్చుకున్నారు. "పాత ఇల్లు కదమ్మా, కాస్త వాసన ఉంటుంది. శుభ్రానికి మాత్రం లోటు చేయను. శుక్రవారం శుక్రవారం నీళ్లు పోసి కడుగుతా, మన ఊళ్లో లాగానే" అన్నారు. మెట్ల కింది నుంచి ఎవరో దగ్గుతున్నారు. కింద ఇద్దరు స్టూడెంట్స్ ఉన్నారని, చలికి దగ్గు పట్టుకుందని ఆంటీ చెప్పారు. నాకు గది సంగతి గుర్తు లేదు. అక్కడే, నిలబడే, మా నాయనమ్మ కథ మొదటి నుంచి చివరి దాకా చెప్పాను. ఆవిడ అంతా విన్నాక తన కాళ్ల వైపు చూసుకున్నారు, నిలబడిన పలక మీద నుంచి ఒక కాలు మెల్లగా తీసి పక్కన పెట్టారు. నేల బెకమంది. "మా వారిని పిలుస్తానుండమ్మా" అంటూ ఆవిడ లోపలికి వెళ్లారు. ఆ పలకను లేపేదాకా నేను అక్కడే ఉన్నాను. దాని కింద ఏముందో నేను చూడనక్కర్లేకపోయింది. కింది ఇద్దరు పిల్లలను ఆ సాయంత్రమే పై గదుల్లోకి, ఆ మర్నాడు ఆంటీ వాళ్ల తమ్ముడి ఇంటికి మార్చారు.

నాయనమ్మ పోయాక ఇక ఎవరూ అడగరనుకున్నాను. ఆవిడ పోయిన తర్వాత వచ్చిన మొదటి శుక్రవారం పొద్దున్నే నా ఫోను మోగింది. హారిక అక్క. హలో అనలేదు. లోపలికి ఒకసారి నిండుగా ఊపిరి పీల్చి, మెల్లగా వదిలింది. అప్పటి నుంచి ప్రతి శుక్రవారం చేస్తుంది, నిన్న కూడా చేసింది. నేను మాట్లాడకుండా, కళ్లు మూసుకుని వింటాను. ఊపిరి బాగానే వస్తుంది, బాగానే పోతుంది. చిట్టచివర్లో మాత్రం, చెవిని ఫోనుకు గట్టిగా అదిమితే, ఆ పిల్లిపిల్ల ఇంకా సన్నగా కూస్తూ ఉంటుంది.